మా వైపు ఎవరూ లేరు

హేమలత చెయ్యి విరిగింది జానెడు ఎత్తు మెట్టు మీద. గిద్దలూరు పక్క పల్లెలో ఆమె ఏఎన్ఎం. ఆ బుధవారం పిల్లలకు టీకాలు వేసి, ఐస్ డబ్బా పట్టుకుని ఆరోగ్య కేంద్రం మెట్టు దిగుతూ కాలు జారి పడింది. ఆ మాత్రం దానికే మణికట్టు దగ్గర ఎముక రెండు ముక్కలైంది. గిద్దలూరులో కట్టు కట్టిన ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూసి వయసెంతని అడిగాడు. నలభై రెండని చెప్పింది.

"ఎముకలు అరవై ఏళ్ల మనిషివిలా ఉన్నాయమ్మా. నెలసరి సరిగా వస్తోందా?"

"వస్తావుంది సార్," అంది హేమలత.

అది అబద్ధం. ఆగిపోయి ఐదేళ్లయింది.

ముప్పై ఏడో ఏట మొదట రెండు నెలలకోసారి, తర్వాత నాలుగు నెలలకోసారి అయి, ఒక ఎండాకాలం దాటాక ఇక రాలేదు. కడుపేమోనని తనే పరీక్ష చేసుకుని చూసింది. కాదు. ఆ వెనకే ఒంట్లో సెగలు మొదలయ్యాయి. మెడ వెనక పుట్టి చెవుల మీదుగా ముఖంలోకి పాకే మంట. పీహెచ్‌సీ మీటింగులో అందరి మధ్య కూర్చుని ఉండగానే జాకెట్టు తడిసిపోయేది. నలభై ఐదుకీ యాభైకీ మధ్య ఇదంతా మామూలే, భయపడొద్దని పల్లెలో ఆడవాళ్లకు బొమ్మల చార్టు పెట్టి చెప్పేది తనే. ముప్పై ఏడుకే వస్తే ఏం చెయ్యాలో ఆ చార్టులో లేదు.

భర్త కరుణాకరం గిద్దలూరు ఆర్టీసీ డిపోలో మెకానిక్. నెల సరుకులతోపాటు ప్యాడ్ల పాకెట్ కూడా ఆయనే తెచ్చేవాడు. పెళ్లయిన కొత్తలో అలవాటైన పని అది. హేమలత ఐదేళ్లపాటు ఆ పాకెట్ అందుకుని బీరువాలో పెట్టింది. నెలకు మూడు రోజులు దేవుడి దగ్గర దీపం పెట్టకుండా పక్కకు ఉంది. పాకెట్లను సంచిలో వేసుకుపోయి హైస్కూలు ఆడపిల్లలకు పంచింది. తోటికోడళ్ల నోళ్లలో పడతానని భయం, మొగుడు తనను చూసే చూపు మారుతుందని భయం. ఒక నెల దాచింది. రెండో నెల దాచింది. ఆ తర్వాత చెప్పడానికి దారి లేకుండా పోయింది.

ఎముకల డాక్టరు ఆమె మాట నమ్మలేదు. మార్కాపురంలో ఆడవాళ్ల డాక్టర్ నిలోఫర్‌కు చూపించుకోమని చీటీ రాసిచ్చాడు.

నిలోఫర్ మార్కాపురం పిల్లే. వాళ్ల నాన్నది అక్కడే బట్టల దుకాణం. ముప్పై అయిదేళ్ల మనిషి, వచ్చిన ఆడవాళ్లందరినీ అక్కా అనే పిలుస్తుంది. చీటీ చదివి, గదిలో ఉన్న నర్సును బయటికి పంపి తలుపు వేయించింది.

"అక్కా, నువ్వు కూడా ఈ పనిలో ఉన్నదానివే. నాకు అబద్ధం చెబితే మందు తప్పైపోతుంది. ఎన్నాళ్లైంది ఆగి?"

హేమలత కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని దానివైపే చూస్తూ, "ఐదేళ్లు," అంది. ఆ మాట ఇంకో మనిషి వినేలా అనడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ తిట్టలేదు. రక్తం, స్కానింగు, ఎముకల బలం చూసే పరీక్ష రాసింది. అన్నీ వచ్చాక ఇంకొకటి రాసింది. "నలభై లోపే ఆగిపోతే కారణం వెతకాలక్కా. కారణాన్ని బట్టే వైద్యం. ఇది జన్యు పరీక్ష. హైదరాబాదుకు పంపుతా. నెల పడుతుంది."

నెల తర్వాత హేమలత ఒక్కతే వెళ్లింది. నిలోఫర్ కాగితం ఆమె ముందు పెట్టి, వేలు పెట్టి చూపిస్తూ మెల్లగా చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక రాత ఉంటుంది. అందులో ఒకచోట మూడక్షరాల మాట ఒకటి మామూలు మనుషుల్లో ఒక ముప్పైసార్లు వరసగా ఉంటుంది. హేమలతలో తొంభై రెండుసార్లు ఉంది. అట్లా ఉన్న ఆడవాళ్లలో కొందరికి అండాశయాలు తొందరగా అలసిపోతాయి.

"నీ తప్పు ఏమీ లేదు. తిండి వల్లా కాదు, పని వల్లా కాదు. కారణం తెలిసింది కాబట్టి నీ వైద్యం యాభై ఏళ్ల ఆడవాళ్ల వైద్యం కాదు. నీకు యాభై వచ్చేదాకా ఒంట్లో ఉండాల్సిన హార్మోన్ బయట నుంచి ఇయ్యాల. లేకుంటే ఎముకలు, గుండె దెబ్బతింటాయి. నీకు బీపీ ఉంది గదా, మాత్రగా వద్దు, చర్మానికి రాసుకునే జెల్ ఇస్తా. గర్భసంచి ఉంది కాబట్టి దానికి తోడు ఇంకో మాత్ర. ఇంకోటి, ఈ రకంలో అండాశయం పూర్తిగా నిద్రపోదు. ఎప్పుడన్నా ఒకసారి మేలుకుంటుంది. ఇంక కడుపు రాదులే అని ధైర్యంగా ఉండొద్దు."

హేమలత తల ఊపుతూ వింది. ఐదేళ్ల బరువు దిగినట్టే అనిపించింది. అప్పుడు నిలోఫర్ పెన్ను తీసుకుని, ఖాళీ కాగితం మీద హేమలత పేరు రాసి, చుట్టూ గుండ్రంగా గీసి అడిగింది.

"మీ వాళ్లల్లో ఎవరికన్నా మగపిల్లలకు మాటలు లేటుగా రావడం, చదువు రాకపోవడం, మనిషి కళ్లలోకి చూడకపోవడం ఇట్లాంటివి ఉన్నాయా? అక్కచెల్లెళ్ల పిల్లల్లో?"

"లేరు మేడం. మా వైపు ఎవరూ లేరు," అంది హేమలత.

అన్న వెంటనే ఆమెకు గుర్తొచ్చింది. ఇదే మాట, ఇదే గొంతుతో, పదిహేనేళ్ల కింద తను ఒకసారి అన్నది.

*

హేమలతకు ఒక్కతే చెల్లెలు. పేరు అరుణ. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా అర్ధవీడు సంబంధం కుదిరి పెళ్లి చేశారు. పరీక్షలు రాయకముందే మూడో నెల. భయపడిపోయి ఒకరోజు అక్క ఇంటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి అడిగింది. "అక్కా, ఇప్పుడొద్దు. పరీక్షలైనాక చూసుకుంటా. ఏదన్నా మాత్ర ఉంటే ఇయ్యవా?" హేమలత మందలించి పంపింది. పది రోజుల తర్వాత అరుణే ఫోన్ చేసి, "ఆ మాట మర్చిపో అక్కా. నేనేమీ మింగలేదు. బిడ్డను కంటా," అంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

బిడ్డ పుట్టాడు. పవన్ కుమార్ అని పేరు పెట్టారు. రెండేళ్లు దాటినా మాట రాలేదు. పిలిస్తే చూడడు. చేతులు రెక్కల్లాగ ఆడిస్తాడు, కోపమొస్తే తన చెయ్యి తనే కొరుక్కుంటాడు. పుట్టెంట్రుకలు తీయించిన రోజు అర్ధవీడులో, అరుణ అత్త రంగమ్మ ఇంటి ముందు వాకిట్లో యాభై మంది చుట్టాలు ఉన్నారు. బిడ్డ గుండు గీయించుకోకుండా గుక్కపెట్టి ఏడ్చి సొమ్మసిల్లాడు. రంగమ్మ అందరి ముందూ హేమలతను అడిగింది.

"నర్సమ్మా, నువ్వు చదువుకున్నదానివి. చెప్పు. మా వంశంలో ఇట్లాంటి బిడ్డ లేడు. మీ వైపు నుంచి వచ్చిందా?"

హేమలత పక్కనే ఆమె అత్తగారు కూర్చుని ఉంది. హేమలత ఒళ్లో నాలుగేళ్ల కూతురు హర్షిత. అందరి కళ్లూ తన మీదికి, తన బిడ్డ మీదికి తిరిగాయి. మీ వైపు అంటే తన వైపు. రేపు తన బిడ్డకూ ఇదే ప్రశ్న వస్తుంది.

"మా వైపు ఎవరూ లేరత్తా," అంది. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. "మూడో నెలలో మాత్రలు మింగింది. ఇంకేమైతుంది బిడ్డకు?"

అరుణ అన్నం గిన్నె పట్టుకుని వాకిట్లోకి వస్తోంది. "అక్కా," అంది. అంతే అంది.

నర్సమ్మ చెప్పిన మాట. సొంత అక్క చెప్పిన మాట. దానికి ఎదురు లేదు. కడుపులో బిడ్డను చంపబోయిందని రంగమ్మ కోడలి చేతి నీళ్లు ముట్టడం మానేసింది. ఏడాది తిరక్కుండా అరుణ, భర్త చెన్నకేశవులు బిడ్డనెత్తుకుని పెద్దదోర్నాల పోయి, శ్రీశైలం రోడ్డు మీద టిఫిన్ హోటలు పెట్టుకున్నారు. అప్పటి నుంచి అరుణ అక్క గడప తొక్కలేదు. హేమలత కూడా పోలేదు. మింగే ఉంటుందని తనకు తను చెప్పుకుంటూ చెప్పుకుంటూ, కొన్నాళ్లకు అది తను కళ్లారా చూసినట్టే అయిపోయింది.

*

"అక్కా?" నిలోఫర్ పిలిచింది.

"ఉన్నాడు మేడం. మా చెల్లెలి కొడుకు. పదిహేడేళ్లు." హేమలత ఆ కాగితం వైపే చూస్తూ అడిగింది. "వాళ్లమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఏదన్నా మందు మింగితే ఇట్లైతుందా?"

"ఇది కాదు. ఇదే జన్యువైతే మందుకీ దానికీ సంబంధమే లేదు. తల్లిలో తొంభై ఉన్నది బిడ్డలోకి పోయేటప్పుడు ఒక్కోసారి పెరిగి రెండొందలు దాటుతుంది. మగబిడ్డైతే ఇట్ల అవుతాడు. ఆ తల్లి చేసింది ఏమీ లేదు." కాగితం మీద ఇంకో గీత పైకి గీసింది. "మీ నాయన ఉన్నారా?"

"పోయి ఆరేళ్లైంది."

"పెద్దయ్యాక చేతులు వణికేవా? నడుస్తుంటే తూలేవారా?"

హేమలత తల ఊపింది. వాళ్ల నాయన అరవై దాటాక గ్లాసు పట్టుకుంటే సగం నీళ్లు ఒలికేవి. రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతూ నడిచేవాడు. ఒకసారి గిద్దలూరు బస్టాండులో పడిపోతే ఎవరూ లేపలేదు. తాగినాడని అందరూ అనుకున్నారు. హేమలతా అనుకుంది. కొత్త ఇంటి గృహప్రవేశం రోజు చుట్టాలు చూస్తారని ఆయనను వెనక గదిలో కూర్చోబెట్టి విస్తరి వేసింది. "నేను తాగలేదు తల్లీ," అన్నాడాయన. "సరేలే నాయనా, తిను," అని తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

"ఆయన లేరు కాబట్టి ఖాయంగా చెప్పలేం," అంది నిలోఫర్. "కానీ ఈ జన్యువున్న మగవాళ్లలో కొందరికి ముసలితనంలో అట్ల వస్తుంది. తండ్రిలో ఉంటే కూతుళ్లందరికీ వస్తుంది. కాబట్టి మీ చెల్లెలికి చెప్పాలి. మీ అమ్మాయికి సగం అవకాశం ఉంది, ఆమెకీ చెప్పాలి. ముందే తెలిస్తే పెళ్లి, పిల్లలు అన్నీ ఆలోచించుకుని చేసుకుంటుంది."

ఆ సాయంత్రం హేమలత కరుణాకరానికి కాగితం ఇచ్చింది. కాగితం సంగతి చెప్పాలంటే ఐదేళ్ల సంగతి చెప్పాలి. చెప్పింది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి నేను తెచ్చినవి?"

"బడి పిల్లలకిచ్చినా."

ఆయన లేచి కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. గ్రీజు ఏమీ లేని చేతులను సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చి, "నాతో చెప్పుకోలేనంత ఏం చేసినానే నేను?" అన్నాడు. చేతులు తుడుచుకుంటూ, "సరే. అమ్మాయికి పెళ్లి కావాల. ఈ కాగితం ఇంట్లోనే ఉండనీ. ఎవురికీ చెప్పొద్దు," అన్నాడు.

హేమలతకు ఆ మాట విని ప్రాణం కుదుటపడింది. వద్దన్నది ఆయన, తను కాదు. ఆ వంకతో రెండు నెలలు గడిపింది. పొద్దున్నే చేతికి జెల్ రాసుకునేది, మాత్ర వేసుకునేది. మూడో వారానికి సెగలు తగ్గాయి. ఒళ్లు తెలియకుండా నిద్రపట్టింది. పొద్దున లేవగానే ఆ నిద్ర గుర్తొచ్చి సిగ్గనిపించేది. అరుణ ఎట్లా నిద్రపోతోందో తనకు తెలియదు.

మార్కాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న హర్షిత ఒక ఆదివారం ఇంటికి వచ్చింది. ఆధార్ కార్డు కోసం బీరువా వెతికితే కాగితం దొరికింది. ఫోన్లో చూసుకుంటూ అంతా చదివింది. వంటింట్లోకి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"అమ్మా, పవన్‌కి ఉండేది ఇదేనా?"

హేమలత బియ్యం కడుగుతోంది. అవునంది.

"అరుణ పిన్ని మందు మింగిందంటివి గదా? నా చిన్నప్పటి నుంచి అదే వింటి. నీకెవురు చెప్పినారు మింగిందని?"

"ఎవురూ చెప్పలా. నేనే అనుకున్నా."

"అనుకున్నావా?"

ఆ పిల్ల కోప్పడలేదు. అర్థం కాని లెక్కను చూసినట్టు చూసింది. "నేను పిన్నిని ఎన్నిసార్లు తిట్టుకున్నానో మా. పవన్‌ను తలుచుకున్నప్పుడల్లా పాపం వీడిని వాళ్లమ్మే ఇట్ల చేసిందని..." అని ఆగిపోయింది. "మా నాయన వద్దన్నాడని ఊరుకుంటివా?"

కాదు, వద్దనే మనిషి కోసం ఎదురుచూశానని హేమలతకు తెలుసు. కానీ కూతురికి ఆ మాట చెప్పలేకపోయింది. మరుసటి రోజు సెలవు పెట్టింది.

*

గిద్దలూరులో ఎక్కి, మార్కాపురంలో బస్సు మారి, దోర్నాలలో దిగేసరికి పదకొండు దాటింది. శ్రీశైలం పోయే కార్లు హోటళ్ల ముందు వరసగా ఆగి ఉన్నాయి. అరుణ హోటలు రేకుల షెడ్డు. పెనం దగ్గర చెన్నకేశవులు దోసెలు తీస్తున్నాడు. వెనక తొట్టి దగ్గర పొడుగ్గా, కోల ముఖంతో, పెద్ద పెద్ద చెవులతో ఒక కుర్రవాడు కడిగిన పళ్లేలను ఒకదాని మీద ఒకటి అంచులు కలిసేలా సర్దుతున్నాడు. పవన్. హేమలతను చూడలేదు. ఆమె భుజం పక్క నుంచి రోడ్డు వైపు చూస్తూ, "కారు ఏ రంగు? కారు ఏ రంగు?" అన్నాడు.

"నేను బస్సులో వచ్చినా నాయనా," అంది హేమలత.

అరుణ బల్ల తుడుస్తూ వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్లకే జుట్టు సగం నెరిసింది. అక్కను చూసి ఒక్క క్షణం ఆగి, గుడ్డ భుజం మీద వేసుకుని, వచ్చేపోయే వాళ్లను అడిగినట్టే అడిగింది. "టిఫినా, భోజనమా?"

"నీతో మాట్లాడాలి అరుణా."

"జనం ఉన్నారు. కూర్చో."

జనం పోయేదాకా గంటసేపు హేమలత మూల బల్ల దగ్గర కూర్చుంది. ఆ గంటలో అరుణ ఆమె ముందు మంచినీళ్లు కూడా పెట్టలేదు. చివరికి వచ్చి ఎదురుగా కూర్చుంటే హేమలత కాగితం తీసి ఇచ్చింది. అరుణ వేలు పెట్టి నిదానంగా చదివింది.

"ఇది నీ పేరు మీదుంది."

"నాదే. నాకు ముప్పై ఏడుకే ఆగిపోయింది. ఎందుకని చూస్తే ఇది తేలింది." డాక్టరమ్మ చెప్పినట్టే ముప్పైలు, తొంభైలు, రెండొందలు అన్నీ చెప్పింది. నాయన సంగతి చెప్పింది. చెబుతుండగా అరుణ ఒక్కసారి కళ్లు మూసుకుంది. "పవన్‌కి ఇది నీవల్ల రాలేదు. మన నాయన దగ్గర నుంచి మనిద్దరికీ వచ్చింటుంది. నువ్వేమీ మింగలేదు. నేను అబద్ధం చెప్పినా అరుణా."

అరుణ కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"నేను మింగలేదని నాకు తెలుసు గదా అక్కా. నాకు తెలిసిందే నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చినావా?"

హేమలత బల్ల మీది కాగితం తీసి సంచిలో పెట్టుకోబోయింది.

"నీకు రహస్యంగా చెప్పుకున్నా. యాభై మందిలో పెట్టినావు. ఇప్పుడు ఈ మూల బల్ల దగ్గర కూర్చొని గుసగుసగా అబద్ధమంటాండావు. తెలియనోళ్లకు చెప్పు. మా అత్త వాకిట్లో చెప్పు. అప్పుడు ఎంత గొంతుతో చెప్పినావో అంత గొంతుతో చెప్పు." పెనం వైపు తిరిగింది. "ఈయన్ని కూడా తీసుకొని పో. ఈయన కూడా వినాల."

చెన్నకేశవులు అట్లకాడ పట్టుకుని ఇటు తిరిగాడు. "నేనేమన్నా అన్నానా నిన్ను? ఒక్కరోజన్నా అడిగినానా?"

"అడగలా. పదిహేనేళ్లు అడగలా. తెలుసుకోవాలని ఉంటే అడిగేవాడివి."

ఆయన స్టవ్ ఆర్పేశాడు. పెనం మీద దోసె అట్లాగే మాడింది.

*

అర్ధవీడు పోయింది ఆ శుక్రవారం. హేమలత, చెన్నకేశవులు బస్సులో ముందొకరు వెనకొకరు కూర్చున్నారు. దారిలో హేమలత చెప్పాల్సిన మాటలు లోపల్లోపల కూర్చుకుంది. జన్యువు, వంశం, నాయన. తన ఆగిపోయిన నెలసరి సంగతి ఎత్తకుండా చెప్పడానికి వీలుందేమోనని కంభం దాటేదాకా ఆలోచించింది. వీలు లేదు. అది లేకుండా ఆ కాగితమే లేదు.

రంగమ్మకు ఎనభై దగ్గర. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. పెద్ద కొడుకు, కోడలు, ఇరుగు పొరుగు ఆడవాళ్లు నలుగురు, బైకు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్న పక్కింటి కుర్రాడు. చిన్న కొడుకు వచ్చాడని ఇంకో ఇద్దరు వచ్చి గోడ దగ్గర నిలబడ్డారు.

"అత్తా, నేను హేమలతను. అరుణ అక్కను. ఒక మాట చెప్పిపోదామని వచ్చినా," అంది మెల్లగా.

"ఏందీ?" చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది రంగమ్మ.

"చెవుడు. గట్టిగా చెప్పాల," అంది కోడలు.

హేమలత గొంతు పెంచింది. "ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధం అత్తా! అరుణ మాత్రలు మింగలేదు!"

"ఎవురు మింగింది?"

"ఎవురూ మింగలేదు! పవన్‌కు వచ్చిన జబ్బు మా వైపు నుంచే వచ్చింది! మా నాయన నుంచి! నాలో కూడా ఉంది!"

"నీలో ఏముంది? నువ్వు బాగనే ఉండావు గదా?"

గోడ దగ్గర ఉన్నవాళ్లు ఇంకాస్త ముందుకు వచ్చారు. హేమలత చెన్నకేశవులు వైపు చూసింది. ఆయన తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఎవరూ సాయం రారు.

"నాకు ముప్పై ఏడేళ్లకే ముట్టు ఆగిపోయింది అత్తా!" అని అరిచింది. "ఎవురికీ చెప్పకుండా ఐదేళ్లు దాచుకున్నా! డాక్టరు పరీక్ష చేస్తే తెలిసింది! అదే జబ్బు మా చెల్లెలి నుంచి పవన్‌కు వచ్చింది! ఆయమ్మ తప్పు ఏమీ లేదు!"

బైకు మీది కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తి, మళ్లీ దించుకుని మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు. హేమలతకు మెడ వెనక నుంచి వేడి లేచి ముఖమంతా కమ్మింది. అది పాత సెగో, సిగ్గో తనకే తెలియలేదు. చెమట కణతల మీద నుంచి కారుతోంది. తుడుచుకోలేదు.

రంగమ్మకు ఇప్పుడు వినపడింది.

"నువ్వే గదా చెప్పింది," అంది. గొంతులో కోపం లేదు. "నువ్వు నర్సమ్మవి. సొంత అక్కవి. నువ్వు చెప్తే నేను నమ్మినా. లేకుంటే నా మనవడిని నేనెందుకు దూరం చేసుకుంటా? అప్పటి నుంచి వాడు నా చేత ఒక్క ముద్ద తినలా." తర్వాత కొడుకు వైపు తిరిగి, "వాడికి ఏం ఇష్టంరా తినడానికి?" అని అడిగింది.

చెన్నకేశవులు చెప్పబోయి చెప్పలేక, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు ఆయన మాట్లాడాడు. "వదినా, నేను అడగకపోవడం మంచితనం అనుకుంటి. దాన్ని ఒక్క మాట అనలేదని లోపల గొప్పగా ఉండేది నాకు. అది పదిహేనేళ్లు నా ముందర అన్నం వడ్డించింది. అడగడానికి పోతే మింగినానంటుందేమోనని భయం. నమ్మింటే భయమెందుకు?" హేమలత బస్సు వచ్చే వైపు చూసింది. ఓదార్చే అర్హత తనకు లేదు.

ఈ సంగతి గిద్దలూరు చేరడానికి రెండు రోజులు పట్టింది. కరుణాకరం పది రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాడు. డిపోలో ఎవరో ఏదో అన్నారట, ఏమన్నారో చెప్పలేదు. పీహెచ్‌సీలో ఇద్దరు ఆమెను చూసి మాట ఆపేశారు. హేమలత ముఖం చాటేయకుండా డ్యూటీకి పోయింది.

నెల తర్వాత అరుణ నుంచి ఫోన్ వచ్చింది. "ఆ డాక్టరమ్మ ఏ రోజు ఉంటుంది?" అంది. ఇంకేమీ అనలేదు.

మార్కాపురం ఆస్పత్రిలో హేమలత ముందే వచ్చి పేరు రాయించింది. అరుణ పవన్‌ను తీసుకుని వచ్చి వేరే బెంచీ మీద కూర్చుంది. సూది చూసి పవన్ చెయ్యి కొరుక్కోబోతే, అరుణ వాడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని చెవి దగ్గర ఏదో చెబుతూ ఉంది, నర్సు రక్తం తీసేదాకా. తర్వాత తనూ చెయ్యి చాపింది. నిలోఫర్ వివరాలు రాసుకుంటూ తండ్రి గురించి అడిగింది. హేమలత నోరు తెరవబోయింది. అరుణ ముందే చెప్పింది.

"చేతులు వణికేవి. నడిస్తే తూలేవాడు. మా నాయన తాగుబోతు కాదు మేడం. అది రాసుకోండి."

ఆ మాట తనను ఉద్దేశించే అన్నదని హేమలతకు తెలిసింది. కానీ అంటున్నప్పుడు అరుణ కూడా తల ఎత్తలేదు. నాయన చివరి రోజుల్లో దోర్నాలకు ఒక్కడే బస్సెక్కి పోతే, హోటలు ముందర తూలుతూ నిలబడ్డాడని అరుణ కూడా లోపలికి రానివ్వలేదట. బయటికి వచ్చాక, నడుస్తూ, హేమలత వైపు చూడకుండా చెప్పింది. "నేను కూడా అన్నా, తాగి రావద్దని."

ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. మధ్యలో పవన్. దోర్నాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అరుణ కొడుకును ఎక్కించి, తనూ ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"హర్షితకు కూడా చేయించు. దానికి భయముంటే నా దగ్గరికి పంపు, నేను చెప్తా."

హేమలత సరేనంది. బస్సు పోయాక గిద్దలూరు బస్సు ఎన్నింటికని విచారణ కిటికీ దగ్గర అడిగి, నీడ ఉన్న చోట నిలబడింది.